ఇరవై ఏళ్ల కాపురం, ముప్పై మార్కుల అర్థం

గత సంచికలో సహానుభూతి గురించి వేసిన వ్యాసానికి విజయవాడ, గుంటూరుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎదుటివాళ్ల మనసులో ఏముందో పసిగట్టడం వేరు, వాళ్ల బాధకు మన మనసు కరగడం వేరు, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉంటుందని నమ్మకం లేదు అన్నది ఆ వ్యాసం సారాంశం. వచ్చినవాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేశాం, పేర్లూ ఆనవాళ్లూ తీసేశాం.

ప్రశ్న: మావారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తారు. సీజన్లో రాత్రి తొమ్మిదింటికి వచ్చి, మాటా పలుకూ లేకుండా టీవీ ముందు కూర్చుంటారు. మొహం చూడగానే నా మీద కోపంగా ఉన్నారని తెలిసిపోతుంది. అడిగితే "నీ మీద కోపమెందుకే, నువ్వే ఏదేదో ఊహించుకుంటావు" అంటారు. ఇరవై రెండేళ్లు కాపురం చేసినదాన్ని, ఆయన మనసు నాకు తెలియదా?
– గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

తెలుసు. కానీ మీరనుకుంటున్నంత తెలియదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అంటున్న మాట కాదిది, కొలిచి చూసిన సంగతి.

ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామాజిక మనస్తత్వవేత్త విలియం ఐక్స్ దీన్ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశాడు. 1990లో దాన్ని వివరంగా ప్రచురించాడు. ఇద్దరిని ఒక గదిలో సోఫాలో కూర్చోబెట్టి, పరిశోధకుడు ఏదో వంకతో బయటికి పోతాడు. వాళ్ల మాటల్ని కనబడని కెమెరా ఒకటి రికార్డు చేస్తుంది. తర్వాత అసలు విషయం చెప్పి, ఒప్పుకుంటేనే, ఒక్కొక్కరికీ విడిగా ఆ వీడియో చూపిస్తారు. ‘ఇక్కడ నాకు ఫలానా ఆలోచన వచ్చింది’ అని గుర్తొచ్చిన చోటల్లా ఆపి, అదేమిటో రాయాలి. ఆపైన అదే వీడియోని రెండో మనిషికి వేసి, సరిగ్గా ఆ చోట్లలోనే ఆపి, ‘ఇప్పుడు ఆమె ఏమనుకుని ఉంటుంది?’ అని రాయమంటారు. రెండు కాగితాల్నీ బయటివాళ్లు పోలుస్తారు. అసలు కలవకపోతే 0, కొంత కలిస్తే 1, భావం ఒకటే అయితే 2.

ముక్కూమొహం తెలియనివాళ్లకు నూటికి 20 మార్కుల దాకా వస్తాయి. దగ్గరి స్నేహితులకు, ఆలుమగలకు 30 నుంచి 35. 60 దాటినవాళ్లు బహు అరుదు. అంటే కాపురం వల్ల లాభం ఉంది, కాకపోతే పది పదిహేను మార్కులే.

చిక్కు ఆ మార్కుల్లో లేదు, మార్కులతో పాటు పెరగాల్సిన దానికన్నా ఎక్కువ పెరిగే ధీమాలో ఉంది. విలియం స్వాన్, మైఖేల్ గిల్ 1997లో చూపించింది ఇదే: కలిసి ఉన్న కాలం పెరిగేకొద్దీ ‘ఈ మనిషి నాకు బాగా తెలుసు’ అన్న నమ్మకం పెరుగుతూ పోతుంది, అర్థం చేసుకోవడం మాత్రం ఆ లెక్కన పెరగదు. 2011లో కెనెత్ సావిట్స్కీ బృందం ఇంకో పని చేసింది. భార్యాభర్తల్ని, వాళ్లతో పాటు పరాయివాళ్లనూ వీపులు చూపించుకునేలా కూర్చోబెట్టి, రెండు మూడు అర్థాలు వచ్చే మాటలు చెప్పించింది. ‘ఇవాళ ఆలస్యమైందే’ అన్న మాట అలాంటిదే. అది ఆదుర్దా కావచ్చు, దెప్పిపొడుపు కావచ్చు, అన్నం చల్లారిందన్న సమాచారం కావచ్చు. సొంత మనిషి మాటను భార్యాభర్తలు పరాయివాళ్లకంటే బాగా పట్టుకోలేకపోయారు. ‘మావాళ్లకి అర్థమయ్యే ఉంటుంది’ అన్న నమ్మకం మాత్రం దండిగా ఉంది. పరాయివాళ్లతో మాట్లాడేటప్పుడు మనం కాస్త విడమరిచి చెబుతాం. ఇంట్లోవాళ్ల దగ్గర ఆ శ్రమ మానేస్తాం.

ఇక మీవారి మౌనం సంగతి. రెనా రెపెట్టి అనే పరిశోధకురాలు విమానాల రాకపోకల్ని అదుపుచేసే ఉద్యోగుల ఇళ్లలో, రోజువారీ పనిభారాన్నీ సాయంత్రం ఇంట్లో నడవడికనూ పక్కపక్కన పెట్టి చూసింది (1989). పని బరువెక్కిన రోజున వాళ్లు ఇంటికొచ్చి ముడుచుకుపోయేవాళ్లు. భార్య ఆ కాసేపూ కదిలించకుండా వదిలేసిన ఇళ్లలో చిరాకు కూడా తగ్గింది. బస్తాలు దిగి, రేటు పలకక, రైతులకు సమాధానం చెప్పుకుని వచ్చిన మనిషి మౌనం ఈ కోవకు చెందినదయ్యే అవకాశమే ఎక్కువ. మీ మీద కోపం ఎన్నడూ ఉండదని కాదు. మొహం ఒక్కటే చూసి తేల్చలేరని.

అలాంటప్పుడు ఏం చేయాలి? గుమ్మంలో అడగొద్దు. స్నానం, భోజనం అయ్యాక, అంటే వచ్చిన ముప్పావుగంటకు అడగండి, టీవీ ఆపమని పంతం పట్టకుండా. మీరు తేల్చుకున్నది కాకుండా మీ కంటికి కనబడింది చెప్పండి. ‘నా మీద కోపంగా ఉన్నారు’ అంటే ఆయన తనను సమర్థించుకోవాల్సిన పని పడుతుంది, ‘వచ్చిన దగ్గర్నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు’ అంటే ఆ పని ఉండదు. వెంటనే రెండు మూడు దారులు చూపించండి: ‘రేటు పడిందా, డబ్బులు రావాల్సినచోట రాలేదా, ఇంట్లో సంగతేమైనా ఉందా?’ జవాబు వచ్చాక దాన్ని మీ మాటల్లో ఒక్క వాక్యంగా చెప్పి, ‘అంతేనా, ఇంకేమన్నా ఉందా?’ అనండి. ఈ చివరి ప్రశ్నకే చాలాసార్లు అసలు విషయం బయటికొస్తుంది. అడగకుండా సలహా ఇవ్వొద్దు. పిల్లల ముందు అడగొద్దు. ‘ఏం లేదు’ అంటే ఆ రాత్రికి వదిలేయండి. నాలుగోసారి అడిగిన ప్రశ్న ఆరాలాగే వినిపిస్తుంది.

‘ఆయన స్థానంలో నన్ను ఊహించుకుంటే చాలదా?’ అని మీకు అనిపించవచ్చు. టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో ఏకంగా 25 ప్రయోగాలు పెట్టి ఇదే పరీక్షించారు. ఎదుటివాళ్ల స్థానంలో ఊహించుకున్నందువల్ల అంచనా మెరుగుపడలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. అడిగి తెలుసుకున్నప్పుడు మెరుగుపడింది.

నమ్మకం కుదరకపోతే ఆదివారం ఐక్స్ పరీక్షను ఇంట్లోనే పెట్టుకోండి. గొడవలేని విషయం ఒకటి తీసుకుని, ఎండాకాలం ఊరికెళ్లాలా వద్దా అన్నది చాలు, అయిదు నిమిషాలు మాట్లాడుకుంటూ ఇద్దరికీ తెలిసేలా ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత చెరో కాగితం తీసుకుని వింటూ, ఒక్కొక్కరూ మూడేసి చోట్ల ఆపి అప్పటి మీ ఆలోచన రాసుకోండి. కాగితాలు చూపించుకోకుండా అవే చోట్ల ఎదుటివాళ్ల ఆలోచన ఊహించి రాయండి. పైన చెప్పిన 0, 1, 2 పద్ధతిలో ఆరు మార్కులకు రెండొస్తే మీది మామూలు కాపురమే. మార్కులు వేసుకోవడంలో పోట్లాట వస్తుందేమో, అప్పుడు రాసినవాళ్ల మాటే చెల్లుతుందని ముందే ఒప్పందం చేసుకోండి.

మార్కులు తక్కువొచ్చాయని దిగులు అక్కర్లేదు. 2012లో 156 జంటల మీద వచ్చిన అధ్యయనంలో దంపతుల తృప్తికి, సరిగ్గా ఊహించగలగడం కన్నా, ‘నన్ను అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నారు’ అని ఎదుటివాళ్లకు అనిపించడమే ఎక్కువ దగ్గరగా కనిపించింది. మీరు అడగడమే ఆ ప్రయత్నం.

ప్రశ్న: మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. అమ్మాయి తరఫువాళ్లు ఇంటర్నెట్‌లో ఏదో వ్యక్తిత్వ పరీక్ష రాసి పంపమన్నారు. సహానుభూతి ‘తక్కువ’ అని వచ్చింది, వాళ్లు వెనకాడుతున్నారు. జాతకాలు కుదిరాక ఇదేం పితలాటకం? ఆ పరీక్ష నమ్మొచ్చా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జాతకం పొంతనకు ఇంకో పొంతన తోడైందన్నమాట. ఒకే అంకెలో ‘తక్కువ’ అని తేల్చిందంటే ఆ పరీక్షనే అనుమానించాలి.

ఈ రంగంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళి అమెరికాలో ఫ్లోరిడాలోని ఎకర్డ్ కళాశాలకు చెందిన మార్క్ డేవిస్ 1980లో తయారుచేసినది. అందులో 28 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి ‘నాకు అసలు వర్తించదు’ నుంచి ‘బాగా వర్తిస్తుంది’ దాకా 0 నుంచి 4 మార్కులు. కొన్ని వాక్యాలకు మార్కుల్ని తిరగేసి లెక్కించాలి, సొంతంగా రాసుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. 28 వాక్యాలూ ఏడేసి చొప్పున నాలుగు భాగాలు: ఎదుటివాళ్ల వైపు నుంచి చూడటం, వాళ్ల మీద జాలీ ఆదరమూ కలగడం, కథల్లో పాత్రలతో లీనమైపోవడం, ఇతరులు ఇబ్బందిలో ఉంటే తనకే కాళ్లూచేతులూ ఆడకపోవడం. ఒక్కో భాగానికి 28 మార్కులు. నాలుగింటినీ కూడితే అర్థం లేదు, ఎందుకంటే చివరిది ఎక్కువుంటే సుగుణం కాదు. పాసు మార్కు అనేదే లేదు. అన్నిటినీ కలిపి ‘తక్కువ, ఎక్కువ’ అనే వెబ్ పరీక్షలు ఈ సంగతిని మింగేస్తాయి. పైగా ఇవన్నీ మన గురించి మనం చెప్పుకునేవే. తమకు ఇతరుల మనసు బాగా తెలుసని రాసుకున్నవాళ్లు ఐక్స్ పరీక్షలోనూ బాగా చేస్తారన్న భరోసా లేదు.

వ్యక్తిత్వానికి సంబంధం లేదని కాదు. కలుపుగోలుతనం ఉన్నవాళ్లలో ఆదరం భాగం, తొందరగా కలతపడే స్వభావం ఉన్నవాళ్లలో నాలుగో భాగం ఎక్కువగా కనిపిస్తాయి. డేవిస్, ఊథౌట్ 1987లో ప్రేమ జంటల మీద చేసిన పనిలో తేలింది గమనించండి: స్వభావం నేరుగా అవతలి మనిషిని చేరదు. అది ముందు ప్రవర్తనగా మారాలి, ఆ ప్రవర్తన అవతలివాళ్ల కంట పడాలి, అప్పుడే తృప్తి. కడుపులో ఎంత ప్రేమ ఉన్నా, కనబడే పని చేయకపోతే లెక్కలోకి రాదు.

ఇంకా గట్టి సాక్ష్యం 2020లో వచ్చింది. సమంతా జోయెల్, ఆమెతో పాటు పదుల సంఖ్యలో పరిశోధకులు, 43 అధ్యయనాల నుంచి 11,196 జంటల సమాచారాన్ని పోగుచేసి కంప్యూటర్‌తో జల్లించారు. సంసారంలో తృప్తి ఎందుకు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్న తేడాలో 45 శాతం దాకా ఆ బంధం తీరే చెప్పగలిగింది: అవతలి మనిషి ఈ బంధానికి కట్టుబడి ఉన్నారా, మెచ్చుకుంటున్నారా, గొడవలెన్ని అన్నవి. వ్యక్తుల సొంత స్వభావాలు చెప్పగలిగింది 21 శాతం వరకే. అవతలి మనిషి స్వభావ పరీక్ష ఫలితం ఆ పైన చేర్చింది నామమాత్రం. కాబట్టి పెళ్లికి ముందే కాగితం మీద జంటను ఎంచగలమన్న ఆశకు శాస్త్రం పెద్దగా బలం ఇవ్వదు.

మేమైతే పరీక్ష బదులు మూడు కలయికలు అడుగుతాం. మొదటిది పెద్దవాళ్ల సమక్షంలో ఎలాగూ ఉంటుంది. మిగిలిన రెండూ ఇద్దరే, బెంజి సర్కిల్ దగ్గర కాఫీ షాపులోనో భవానీ ద్వీపం పడవలోనో, గంటకు తక్కువ కాకుండా. రెండోసారి కలిసినప్పుడు మొదటిసారి చెప్పింది గుర్తుందా? చెప్పిన మాట మీదే ఇంకో ప్రశ్న వేస్తున్నారా, లేక తన సంగతికి దూకుతున్నారా? హార్వర్డ్‌లో 2017లో వచ్చిన పనిలో, అలా మాట వెంబడి ప్రశ్న వేసేవాళ్లను ఎదుటివాళ్లు ఎక్కువగా ఇష్టపడ్డారు. మూడోసారి, ఇద్దరికీ కుదరని విషయం ఒకటి కావాలనే తీయాలి. పెళ్లయ్యాక ఎక్కడ ఉండాలి, జీతం ఎవరి చేతిలో ఉండాలి వంటివి. అభిప్రాయం కలిసిందా లేదా అన్నదాని కంటే, కలవనప్పుడు గొంతు ఎలా మారింది అన్నది చూడమనండి, అబ్బాయికైనా అమ్మాయికైనా.

ప్రశ్న: నేను ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పేషెంటు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. ఇంటికెళ్లాక పిల్లల మీద, మావారి మీద విరుచుకుపడతాను. నాకు సహానుభూతి మరీ ఎక్కువా?
– కొత్తపేట, గుంటూరు

ఎక్కువ కాదమ్మా, రెండు రకాలు కలగలిసిపోయాయి. పైన చెప్పిన నాలుగు భాగాల్లో రెండోది ఆదరం, నాలుగోది సొంత కలవరం. బయటికి రెండూ కన్నీళ్లుగానే కనబడతాయి, కానీ మనిషిని వ్యతిరేక దిక్కులకు లాగుతాయి.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాట్సన్ 1980ల మొదట్లో చేసిన ప్రయోగాలు దీనికి పెట్టింది పేరు. ఎలైన్ అనే అమ్మాయికి కరెంటు షాకులు ఇస్తున్నట్టు చూపించారు. నిజానికి అది నటన. కావాలంటే ఆమె బదులు మీరు కూర్చోవచ్చన్నారు. కొందరికి రెండు విడతలు చూసి వెళ్లిపోయే వీలిచ్చారు, కొందరు పది విడతలూ చూడాల్సిందే. సొంత కలవరం పైచేయిగా ఉన్నవాళ్లు తప్పించుకునే వీలుంటే ఎక్కువగా వెళ్లిపోయారు. ఆదరం పైచేయిగా ఉన్నవాళ్లు వెళ్లే వీలున్నా సాయానికి నిలబడ్డారు.

1997లో ఆయన ఇంకో తేడా చూపించాడు. ఒక బాధితురాలి కథ వినిపిస్తూ, ‘ఆమెకి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి’ అని కొందరికి, ‘మీకే అయితే ఎలా ఉంటుందో ఊహించండి’ అని కొందరికి చెప్పాడు. మొదటివాళ్లలో ప్రధానంగా ఆదరం కలిగింది. రెండోవాళ్లలో ఆదరంతో పాటు కలవరమూ లేచింది. వార్డులో మీకు జరుగుతున్నది ఈ రెండోది. ‘ఇదే మా అమ్మకైతే’ అన్న ఆలోచన రాగానే బాధ మీదైపోతుంది.

అందుకని మంచం దగ్గర ఆగినప్పుడు ప్రశ్న మార్చండి: ‘ఈమెకి ఈ నిమిషంలో ఏం కావాలి?’ దిండు సర్దడమా, నొప్పి మందు టైము చెప్పడమా, బయటున్న కొడుకుని పిలవడమా. చేతికి ఒక చిన్న పని దొరికితే కలవరం సగం దిగుతుంది. తానియా సింగర్ బృందం ఇచ్చిన శిక్షణలో, ఎదుటివాళ్ల బాధను తనలోకి తీసుకోవడం సాధన చేసినవాళ్లకు దిగులు పెరిగింది. వాళ్లకే ఆ తర్వాత ‘ఈ మనిషికి మేలు జరగాలి’ అన్న భావం మీద మనసు నిలపడం నేర్పితే ఆ దిగులు తగ్గి, ఉల్లాసం పెరిగింది. మనసు గట్టిపరచుకోమని సీనియర్లు చెప్పే సలహా మాకు నచ్చదు, దానివల్ల ఆదరం కూడా పోతుంది.

ఇంటి విషయానికొస్తే, చెప్పులు విడిచేటప్పుడే చెప్పేయండి: ‘ఇవాళ వార్డులో బాగాలేదు, అరగంట నన్ను కదిలించొద్దు.’ కారణం చెప్పని మౌనాన్ని పిల్లలు తమ తప్పుగా లెక్కేసుకుంటారు. అరగంట అన్నాక అరగంటకు మీరే లేచి వాళ్ల దగ్గరకు వెళ్లాలి, లేకపోతే మూడో రోజు నుంచి ఆ మాటకు విలువ ఉండదు. నిద్ర పట్టకపోవడం, డ్యూటీ అనగానే గుండెదడ రెండు వారాలు దాటితే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి.

ప్రశ్న: మనసు తెలుసుకోవడం ఆడవాళ్లకే వస్తుంది, మగాళ్లకు పుట్టుకతోనే రాదు. అవునా కాదా?
– అరండల్‌పేట, గుంటూరు

కాదు. ఐక్స్ బృందం 2000లో తమ పాత ప్రయోగాల్నే మళ్లీ తిరగేసింది. ‘ఇక్కడ కొలుస్తున్నది మీ సహానుభూతి’ అని తెలిసేలా ఉన్న ప్రయోగాల్లోనే ఆడవాళ్లు ముందున్నారు, ఆ సంగతి తెలియనప్పుడు తేడా లేదు. మరుసటి ఏడాది క్రిస్టీ క్లైన్, సారా హాడ్జెస్ సరైన జవాబుకు డబ్బిస్తామన్నారు. మగవాళ్లు ఆడవాళ్లతో సమానంగా వచ్చేశారు. రాక కాదు, పట్టించుకోక. మగవాళ్లకు ఇది ఊరటో నిందో వాళ్లే తేల్చుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ హాస్టల్లో ఉంది. ఆదివారం వీడియో కాల్‌లో ఎప్పుడూ "బాగానే ఉన్నా నాన్నా" అనే మాటే. మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోతున్నాను.
– ఒక తండ్రి, లక్ష్మీపురం, గుంటూరు

వీడియో ఆపేసి, ఉత్త ఫోన్ చేసి చూడండి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ క్రౌస్ 2017లో సుమారు 1,800 మందితో అయిదు ప్రయోగాలు చేశాడు. మొహం, గొంతు రెండూ ఉన్నప్పటికన్నా, గొంతు ఒక్కటే విన్నప్పుడు ఎదుటివాళ్ల భావాన్ని కాస్త మెరుగ్గా పట్టుకున్నారు. తేడా భారీది కాదు, వాళ్లు పెద్దవాళ్లు కూడా. కానీ కారణం మీ విషయానికీ సరిపోతుంది: మొహం మీద నవ్వు పులుముకోవడం సులభం, గొంతులో తడబాటును దాచడం కష్టం. వినేవాళ్లు కూడా మొహం లేనప్పుడు మాట మీదే దృష్టి పెడతారు.

‘బాగున్నావా’ అనే ప్రశ్నకు ‘బాగున్నా’ తప్ప జవాబు లేదు. మొదటి అయిదు నిమిషాలు మార్కుల ఊసెత్తకండి. లెక్క చెప్పాల్సిన ప్రశ్నలు వేయండి: నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, మెస్‌లో మధ్యాహ్నం ఏం తిన్నావు, ఎవరి పక్కన కూర్చున్నావు, ఈ వారం ఎవరితో నవ్వావు. జవాబు ఆగితే మీరూ ఆగండి, మనసులో అయిదు లెక్కపెట్టుకునేదాకా. చాలామంది తండ్రులు ఆ అయిదు సెకన్లలో హితబోధ మొదలుపెడతారు, అమ్మాయి చెప్పబోయింది వెనక్కి పోతుంది.

సాయం చేసే తీరులోనూ కిటుకు ఉంది. నైల్ బోల్జర్ బృందం న్యూయార్క్‌లో లాయరు పరీక్ష రాసేవాళ్ల చేత, వాళ్ల జీవిత భాగస్వాముల చేత రోజూ డైరీ రాయించింది (2000). ‘ఇవాళ నాకు ధైర్యం చెప్పారు’ అని పరీక్ష రాసేవాళ్లు గుర్తించిన సాయం దిగులు తగ్గించలేదు, కొన్నిసార్లు పెంచింది. అవతలివాళ్లు చేశామని రాసి, వీళ్లు గమనించని సాయం బాగా పనిచేసింది. సాయం కంటపడితే ‘నేను తట్టుకోలేనని వీళ్లకూ తెలిసిపోయింది’ అనిపిస్తుంది. కాబట్టి ‘భయపడకమ్మా, మేమున్నాం’ అని పదిసార్లు అనే బదులు, అడక్కుండానే ఆదివారం పచ్చళ్లూ వేరుశనగ ఉండలూ పట్టుకెళ్లి, ఫీజు సంగతి తన చెవిన పడకుండా చూసుకుని, రెండు గంటలు కూర్చుని రండి.

ఒక్కచోట మాత్రం ఈ సున్నితం పనికిరాదు. నిద్ర, తిండి బాగా తగ్గినా, తనకిష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట వచ్చినా, ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, మౌనంగా ఉన్నా, ఆ పూటే బయల్దేరి వెళ్లి వెంట తెచ్చుకోండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మానాన్నలకు పంపే డబ్బు మీద నెలనెలా అదే గొడవ. ఒకసారి కోపంలో నేను చేయి కూడా ఎత్తాను, దించేశాను. మాలో సహానుభూతి పెంచుకునే కసరత్తు ఏదన్నా ఉంటే చెప్పండి. మా అత్తగారేమో "మగాడి మనసు అర్థం చేసుకుని నువ్వే సర్దుకో" అని నా భార్యకే చెబుతున్నారు.
– మొగల్రాజపురం, విజయవాడ

కసరత్తు ఉంది. ఎలీ ఫింకెల్ బృందం 2013లో 120 జంటలతో ప్రచురించినది. మొదటి ఏడాది అందరిలోనూ తృప్తి కొద్దికొద్దిగా దిగింది. రెండో ఏడాది సగం జంటలకు నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాల రాత పని ఇచ్చారు, ఏడాదికి మొత్తం 21 నిమిషాలు. రాసినవాళ్లలో ఆ దిగుడు ఆగింది, రాయనివాళ్లలో సాగింది. గొడవల తాలూకు కుతకుత తగ్గడమే ఇందుకు కారణమని తేల్చారు.

ఇద్దరూ విడివిడిగా, గొడవ జరిగిన రాత్రి కాకుండా రెండు రోజులు పోయాక, రాయండి. ముందు జరిగింది మాత్రమే రాయాలి, ఎవరేమన్నారు, ఏం చేశారు, విశేషణాలు లేకుండా. తర్వాత మూడు ప్రశ్నలు. మీ ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి దీన్ని ఎలా చూస్తాడు, ఇందులోంచి ఏ మంచి వెతుకుతాడు? గొడవ మధ్యలో అలా చూడటానికి మీకు అడ్డొస్తున్నది ఏమిటి? వచ్చే నాలుగు నెలల్లో ఆ అడ్డు దాటడానికి ఏం చేస్తారు? ఆ మూడో మనిషిగా మీ అమ్మనో, మీ భార్య అన్ననో ఊహించుకోవద్దు, చాలామంది చేసే పొరపాటు అదే. ఏ పక్షమూ కానివాళ్లు కావాలి. డబ్బు లెక్క మాత్రం రాతతో తేలదు. నెలకు ఎంత, ఏ తారీఖున, ఎవరి జీతంలోంచి అన్నది ఒకరోజు కూర్చుని అంకె వేసుకోవాల్సిందే.

ఇక చేయి ఎత్తిన మాట. రాశారు కాబట్టి చెబుతున్నాం. ఐక్స్ పద్ధతిలోనే భార్యల్ని కొట్టే మగవాళ్లను పరీక్షించిన అధ్యయనం 2007లో వచ్చింది. వాళ్ల భార్యల మనసులో ఏముందో ఊహించడంలో, ఆ భార్యలు ఎవరో కూడా తెలియని మగవాళ్లకన్నా ఆ భర్తలే వెనకబడ్డారు. అంతకు ముందు 2002లో ఇంకో సంగతి బయటపడింది: దౌర్జన్యానికి మొగ్గే మగవాళ్లకు ఆడవాళ్ల మామూలు మాటల్లో కూడా విమర్శా తిరస్కారమూ వినబడతాయి. సర్దుకోమని మీ అత్తగారు చెబుతున్నది తప్పు మనిషికి. మనసు అర్థం చేసుకునే పని ఇక్కడ మీది. గొంతు పెరుగుతోందని తెలియగానే ‘ఇరవై నిమిషాల్లో వస్తాను’ అని టైము చెప్పి బయటికి నడవండి, చెప్పిన టైముకు రండి. ఒంటరిగా నడుస్తూ ఆమెకివ్వాల్సిన జవాబులు తయారుచేసుకుంటే ఆ ఇరవై నిమిషాలూ దండగ. మనస్తత్వ నిపుణుణ్ణి ముందు మీరొక్కరే కలవండి, జంటగా వెళ్లడం తర్వాత.

ఈ జవాబు మీ భార్యకు కూడా చూపించండి. ఎత్తిన చేయి ఇంకోసారి దించకపోతే ఆమె చేయాల్సిన ఫోన్ నంబరు 181, మహిళల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది. అత్యవసరమైతే 112. జిల్లాలోని వన్ స్టాప్ సెంటర్‌కు 181 వాళ్లే దారి చూపిస్తారు. అక్కడ వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల బస ఒకేచోట దొరుకుతాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద ఆమె ఇల్లు వదిలి పోనక్కర్లేదు, అదే ఇంట్లో ఉంటూ రక్షణ ఉత్తర్వు కోరవచ్చు.